సునీత చేతికి తగిన మౌస్

ఈ అనుభవాన్ని కాగితం మీద పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. డీటీపీ పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా పాత వృత్తివాళ్లు నాకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఒకప్పుడు ఫాంట్ల గురించో, మార్జిన్ల గురించో అడిగేవాళ్లు. ఇప్పుడు అడిగేది ఒకటే: "సార్, చెయ్యి లాగుతోంది, ఏ మౌస్ కొనమంటారు?" నేను పేరు చెప్పడమే ఆలస్యం, వెంటనే కొనేద్దామని షాపు ముందే నిలబడి ఉంటారు. నా జవాబేమో ఫోన్‌లో ఇమిడేది కాదు.

పైగా మా వృత్తిలో ఒక అలవాటుంది. కళ్లు మసకబారితే పదిమందికీ చెప్పుకుంటాం, చెయ్యి నొప్పెడితే దాచుకుంటాం. చెయ్యి బాగాలేదన్న మాట బయటికి పొక్కితే కంపోజ్ చేయాల్సిన మ్యాటరు పక్క టేబుల్‌కి పోతుందని భయం. ఇంగ్లీషులో ఈ విషయం మీద పుస్తకాలకు కొదవ లేదు. తెలుగులో మాత్రం నాకు కనబడలేదు. మా పేట శాఖా గ్రంథాలయంలో బీరువాలన్నీ వెతికిన మీదటే ఈ మాట అంటున్నాను. కనక జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికి పనికొచ్చింది వాళ్లు తీసుకోవచ్చు.

2022లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డీటీపీ యూనిట్‌కి కంపోజింగ్ సెక్షన్ ఇన్‌చార్జిని. మెట్రో లైను పక్క సందులో, కింద కోచింగ్ సెంటరు, మధ్యలో మేము, పై అంతస్తులో యజమాని ఇల్లు. యజమాని యాదగిరి గారు నల్లగొండ వైపు మనిషి. ఇంటర్మీడియట్, ఎంట్రన్సు పరీక్షల స్టడీ మెటీరియల్ మా ప్రధానమైన పని. లెక్చరర్లు చేత్తో రాసిన నోట్సు మా దగ్గరికి వస్తుంది. మేము దాన్ని కంపోజ్ చేసి, బొమ్మలు గీసి, పేజీలు కట్టి, ప్రూఫు తీసి పంపుతాం. వాళ్లు ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతారు. ఆ దిద్దుబాట్లు ఎక్కించాక పేజీలు ప్రెస్సుకి వెళతాయి.

నేను ఈ వృత్తిలోకి వచ్చింది చీరాలలో, సీసపు అక్షరాల కాలంలో. కేసు అనే గళ్ల చెక్కపెట్టె ముందు నిలబడి, ఒక్కో అక్షరం ఏరి, స్టిక్ అనే ఇనప పట్టీలో పేర్చడం మా పని. పదో తరగతి దాటలేదు. మిగతా చదువంతా నేను కంపోజ్ చేసిన పుస్తకాలూ, గ్రంథాలయంలో కూర్చుని చదివిన పుస్తకాలూ. ఆ రోజుల్లో నొప్పి నడుముకి ఉండేది, పిక్కలకి ఉండేది. చెయ్యి మాత్రం కేసంతా తిరిగేది కాబట్టి హాయిగా ఉండేది. కంప్యూటర్లు వచ్చాక నడుము కుర్చీలో కూలబడింది, చెయ్యి ఒక్కచోట ఇరుక్కుపోయింది. శరీరంలో నొప్పి చిరునామా ఎలా మారిందో చెప్పాలని ఈ మాట.

మా సెక్షన్‌లో ముఖ్యులు ఇద్దరు. భౌతికశాస్త్రం బొమ్మలూ, జామెట్రీ ఇలియాస్ పని. మలక్‌పేట వాడు, నలభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. రసాయనశాస్త్రం సునీతది. భువనగిరి దగ్గర పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఉంటుంది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మా టేబులు. మిగతా సబ్జెక్టుల్లో మౌస్ అప్పుడప్పుడూ పట్టుకుంటే చాలు. కర్బన రసాయనానికి అలా కుదరదు. పరమాణువుల మధ్య బంధాలన్నీ గీతలే. ప్రతి గీతకీ మౌస్ బటన్ నొక్కాలి, నొక్కి పట్టుకునే లాగాలి, సరిగ్గా చివర వదలాలి. షడ్భుజి ఒకటి గీసి కాపీ చేసుకోవచ్చు గానీ, దానికి తగిలించే కొమ్మలన్నీ చేత్తో లాగాల్సిందే. ఆ పనిలో సునీతకు సాటి వచ్చేవాళ్లు మా చుట్టుపక్కల యూనిట్లలో లేరు.

వానాకాలం మొదట్లో ఆమె టిఫిన్ డబ్బా మూత ఎడంచేత్తో తీయడం ఇలియాస్ కనిపెట్టాడు. "ఏంది సునీతక్కా, బొటనవేలు కిరాయికిచ్చినవా?" అన్నాడు. ఆమె నవ్వేసింది. ఇంకొన్నాళ్లకు ప్రూఫుల్లో గీతలు పరమాణువు చుక్కకు అందకుండా ఆగిపోవడం మొదలైంది. రసాయనశాస్త్రంలో గీత అందకపోతే అర్థమే మారిపోతుంది. లెక్చరర్ ఎర్ర సున్నాలు చుట్టి పంపిన పేజీలు పట్టుకుని యాదగిరి గారు కిందికి దిగారు.

ఆయన అరిచే మనిషి కాదు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. "సునీతా, దసరా అయినంక ఆర్గానిక్ బుక్కు మొత్తం ఇయ్యాలె. నీతోని అయితే నువ్వే జెయ్యి. కాకుంటే కొత్తపేటల ఇంకో యూనిట్ ఉన్నది, ఆళ్లకిస్త. నువ్వు ప్రూఫుల కాడ కూసో. నొప్పితోని జెయ్యమని నేనైతే అనను."

మాటలో కటువు లేదు. కానీ ప్రూఫుల దగ్గర కూర్చోవడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. జీతం తగ్గుతుంది. అది ఒక ఎత్తు. టేబులు వదిలిన ఆపరేటరు మళ్లీ టేబుల్‌కి రావడం మా వృత్తిలో నేను చూడలేదు. ఆయన వెళ్లాక సునీత నాతో అంది: "ప్రూఫులు సదివేటోళ్లు మస్తు మంది ఉన్నరు సార్. నన్ను ఈడ ఉంచింది గీ గీతలే. ఇవి పోతే నేను ఎవరు?"

దసరాకి ఇంకా వ్యవధి ఉంది. నేను గ్రంథాలయానికి వెళ్లాను.

మా లైబ్రేరియన్ విజయలక్ష్మి గారు నన్ను బాగా ఎరుగుదురు. ఆఫీసు పనుల ఆరోగ్యం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఆమె వెతికిచ్చారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అందులో నాకు దొరికిన ముఖ్యమైన సంగతి ఇది: చేతినొప్పి అని మనం ఒకే మాట అంటాం గానీ, అది ఒక జబ్బు కాదు. మణికట్టు కింద నరం నొక్కుకుపోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మోచేతి బయటివైపు నొప్పి వేరు, బొటనవేలి మొదట్లో నొప్పి వేరు. ఒకదానికి మేలు చేసే పరికరం ఇంకొకదానికి చెరుపు చేయగలదు. ఈ సంగతి చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఇంటికి వెళ్లేటప్పుడు ఎల్బీనగర్ స్టేషన్‌లో దిగడం మర్చిపోయేవాణ్ణే, అది ఆఖరి స్టేషన్ కాబట్టి సరిపోయింది.

పుస్తకం దారి చూపుతుందే గానీ చెయ్యి పట్టి చూడదు. అందుకని సునీతను ఎల్బీనగర్‌లో మాధవి గారనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాం. ఆమె బొటనవేలిని పిడికిట్లో మడిపించి, మణికట్టును చిటికెన వేలివైపు మెల్లగా వంచమన్నారు. వంచీ వంచకముందే సునీత కుర్చీలోంచి లేచిందట. నొప్పి బొటనవేలి మొదట్లోని స్నాయువులదని మాధవి గారు తేల్చారు. వేలికి పట్టీ వేశారు, వ్యాయామాలు నేర్పారు, మధ్యమధ్య ఆగి పని చేయమన్నారు. నాతో ఫోన్‌లో ఒక మాట చెప్పారు: "బొటనవేలికి పని తగ్గించే మౌస్ ఏదైనా ఫర్వాలేదండీ. అది ఏదన్నది మీ పని తెలిసినవాళ్లే తేల్చాలి."

అయితే ఆ మాట నేను యూనిట్‌లో చెప్పేలోపే యాదగిరి గారు సికింద్రాబాద్ వెళ్లి ఒక మౌస్ కొనుక్కొచ్చేశారు. నిలువు మౌస్ అంటారు దాన్ని. మామూలు మౌస్ మీద అరచెయ్యి బోర్లా పడుకుంటుంది. దీని మీద, ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు, చెయ్యి పక్కకు నిలబడుతుంది. ముంజేతి ఎముకలు మెలిపడకుండా ఉంటాయి. ఎత్తుగా, నల్లగా ఉన్న ఆ వస్తువును చూసి ఇలియాస్ అన్నాడు: "సార్, గిది మౌస్ గాదు, పందికొక్కు."

యాదగిరి గారు షాపులో తన చేతికి పెట్టుకుని చూసి, బ్రహ్మాండంగా ఉందని తెచ్చారు. ఆయన చెయ్యి విస్తరాకంత. సునీత వేళ్లు బటన్ల దాకా అందలేదు. అందుకోవడానికి బొటనవేలిని ఇంకా గట్టిగా బిగించేది. ఆ రోజు నేను అందరి చేతులూ తెల్లకాగితం మీద పెట్టించి, పెన్సిలుతో అంచులు గీశాను. మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలిచి రాసుకున్నాను. చెప్పులు కొనేటప్పుడు కాలు కొలుచుకుంటాం, మౌస్ కొనేటప్పుడు చెయ్యి ఎవరూ కొలుచుకోరు. ఆ పందికొక్కు నా చేతికి సరిపోయింది. నాకు మోచేతి దగ్గర పాత సలుపు ఒకటి ఉండేది. అది తగ్గడం చూసి దాన్ని నేనే ఉంచుకున్నాను.

తర్వాత ట్రాక్‌బాల్ సంగతి చూశాం. ట్రాక్‌బాల్ అంటే బల్ల మీద కదలని మౌస్. పైన ఒక బంతి ఉంటుంది. బంతిని తిప్పితే తెర మీద బాణం కదులుతుంది. చెయ్యి కదిలించాల్సిన పని లేదు. ఇలియాస్ తన స్నేహితుడి దగ్గర ఒకటి అడిగి తెచ్చాడు. అందులో బంతి పక్కన ఉంటుంది, బొటనవేలితో తిప్పాలి. సరిగ్గా ఆ వేలే కదా మనకు శత్రువు! సునీత ఒక పూట ప్రయత్నించి, "సార్, గిది పుండు మీద కారం" అని తిరిగి ఇచ్చేసింది.

పలక మీద కలంతో గీసినట్టు గీసే పెన్ టాబ్లెట్ కూడా చూశాం. కలం పట్టుకోవాలంటే మళ్లీ బొటనవేలూ చూపుడువేలూ బిగించాలి. అదీ కుదరలేదు. దాన్ని ఇలియాస్ ఎగరేసుకుపోయాడు. కటకాలూ, అయస్కాంత రేఖలూ అతను దాని మీద గీస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఇంతకీ జరిగిందేమంటే, ఒక్క మనిషి చేతికోసం వెతుకుతుంటే నా చెయ్యీ, ఇలియాస్ చెయ్యీ ముందే సుఖపడ్డాయి.

చివరికి దొరికింది నడిమధ్య పెద్ద బంతి ఉన్న ట్రాక్‌బాల్. ఆన్‌లైన్‌లో తెప్పించాం. బంతి బత్తాయంత ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మూడూ పైన ఆనించి తిప్పాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. దాని క్లిక్ బటన్ బొటనవేలి కిందే ఉంది. బటన్ల పని మార్చుకునే ఏర్పాటు దాని సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. క్లిక్‌ని కుడి పక్క బటన్‌కి మార్చి ఉంగరపువేలికి అప్పగించాను. ఇంకో బటన్‌కి 'డ్రాగ్ లాక్' పెట్టాను. అంటే నొక్కి పట్టుకునే శ్రమ లేకుండా, ఒకసారి నొక్కితే గీత మొదలవుతుంది, బంతి తిప్పి, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. బంధాలు గీసేవాళ్లకు ఇది ప్రాణం.

కీబోర్డు కూడా మార్చాం. మామూలు కీబోర్డుకి కుడివైపు అంకెల గడులు ఉంటాయి. వాటిని దాటి మౌస్ అందుకోవడానికి చెయ్యి రోజంతా పక్కకు చాచి ఉంచాలి. అంకెల గడులు లేని పొట్టి కీబోర్డు పెట్టేసరికి ట్రాక్‌బాల్ ఆమె మోచేతికి ఎదురుగా వచ్చింది. మౌస్ ఏది అన్న ప్రశ్నకు ఇచ్చినంత విలువ మౌస్ ఎక్కడ అన్న ప్రశ్నకు ఎవరూ ఇవ్వరు.

మొదటి రోజులు నవ్వులాటగా గడిచాయి. బంతి కొంచెం తిప్పితే బాణం తెర దాటిపోయేది. "సునీతక్కా, నీ బాణం మూసీల పడ్డది, తీస్కరాపో" అనేవాడు ఇలియాస్. "నీ నోటికి లాక్ బటన్ ఏడుందో లైబ్రరీ సార్‌ని అడగాలె" అని ఆమె జవాబు. లైబ్రరీ సార్ అంటే నేనే. బాణం వేగం తగ్గించి, రోజూ కాసేపు ఉత్త గీతలు గీయించాను. మెల్లగా చేతికి పట్టుబడింది. పట్టీ, వ్యాయామాలు, మధ్యమధ్య విరామం కూడా తోడయ్యాయి కాబట్టి తగ్గుదల అంతా ట్రాక్‌బాల్ గొప్పే అని నేను అనను. దసరా దగ్గరపడేసరికి ఆమె టిఫిన్ డబ్బా మూత కుడిచేత్తోనే తీస్తోంది. గీతలు చుక్కల దాకా అందుతున్నాయి. కొత్తపేటకి ఫోన్ చేయక్కర్లేదనే యాదగిరి గారూ అనుకున్నారు.

సెలవులు ఇచ్చారు. సునీత పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్లింది.

అచ్చు వృత్తిలో దసరాకి ఆయుధపూజ తప్పనిసరి. చీరాలలో ట్రెడిల్ అనే అచ్చు మిషనుకీ, స్టిక్‌లకీ పసుపు కుంకుమలు పెట్టేవాళ్లం. పెట్టాక మర్నాటి దాకా ముట్టుకునేవాళ్లం కాదు. ఇక్కడ కంప్యూటర్లకూ, ప్రింటర్‌కీ, మౌస్‌లకీ అదే మర్యాద. ఆ ఏడు పూజ చేసింది యాదగిరి గారి భార్య పద్మ గారు. నేను సెలవులో ఇంట్లోనే ఉన్నాను.

సెలవుల తర్వాత మొదటి రోజు సునీత అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. ఆర్గానిక్ పుస్తకం తొలి అధ్యాయం తెరిచింది. కాసేపటికి ఆమె మొహం చూసి నేను లేచి వెళ్లాను. తెర మీద షడ్భుజి కాస్తా నలిగిన కాగితంలా ఉంది. గీత ఒకటి చుక్క నుంచి బయల్దేరి మధ్యలో వణికి పక్కకు దూకింది. ఆమె చెరిపేసి మళ్లీ గీసింది. మళ్లీ దూకింది. ఇలియాస్ తన బొమ్మ సగంలో వదిలేసి వచ్చి నిలబడ్డాడు. అప్పుడే పరిస్థితి బాగాలేదని నాకు అర్థమైంది.

అదే సమయానికి యాదగిరి గారు దిగివచ్చారు. ఆమె వెనక నిలబడి రెండు గీతలు దూకడం చూశారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు.

"చేయుండ్రి సార్," అంది సునీత, తెర మీంచి చూపు తిప్పకుండానే. "కొత్తపేటోళ్లకు చేయుండ్రి. తప్పు నాదే. ఊర్ల అమ్మతోని పత్తి ఏరవొయిన. ఏలు మల్ల ఖరాబ్ చేస్కున్న. చెయ్యి వణుకుతున్నది."

"నొప్పి ఉందా అమ్మా?" అని అడిగాను.

ఆమె వేలు మడిచి చూసుకుంది. "నొప్పి లేదు సార్. ఉత్తగ వణుకుతున్నది."

నొప్పి లేని వణుకు నాకు కొరుకుడు పడలేదు. సీసపు అక్షరాల లెటర్‌ప్రెస్‌లో మాకు ఒక వరస నేర్పేవారు. అచ్చు చెదిరి పడితే ముందు ఫారం చూడాలి, అంటే బిగించిన అక్షరాల చట్రం. తర్వాత మిషను చూడాలి. మనిషిని ఆఖర్న చూడాలి. ఇక్కడ మేమంతా ఆ వరసను తిరగేసి, మనిషి దగ్గరే మొదలుపెట్టాం.

"సునీతా, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకో" అన్నాను.

తీసి పెట్టుకుంది. యాదగిరి గారు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని చూస్తున్నారు. ఎవరి చెయ్యీ ఆనకపోయినా తెర మీద బాణం వణుకుతూనే ఉంది. నిలబడ్డచోటే నాలుగు దిక్కులా గిలగిలలాడుతోంది.

"అక్కా!" అన్నాడు ఇలియాస్. "నీ చెయ్యి మంచిగనే ఉన్నది. జ్వరమొచ్చింది బంతికి!"

ఇలాంటి ట్రాక్‌బాల్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి పెన్సిలు మొనతో నెడితే బంతి పైకి లేచి వస్తుంది. నెట్టాను. అది హాయిగా జారి రావలసింది, బంకలో ఇరుక్కున్నట్టు మొరాయించి వచ్చింది. బంతి పైభాగం అద్దంలా మెరుస్తోంది. గూట్లో మాత్రం గంధం, కుంకుమ కలిసిన ఎర్రటి ముద్ద. బంతి ఆనుకుని తిరిగే మూడు చిన్న గుండ్లూ ఆ ముద్దలో కూరుకుపోయాయి. బంతి కదలికను కనిపెట్టే కటకం మీద ఎర్రటి పొర కట్టింది. పాపం అది ఏమీ కనపడక, తోచినట్టల్లా బాణాన్ని తోలుతోంది.

ఇలియాస్ వంగి చూసి నిటారుగా లేచాడు. "యాదగిరి సార్, పూజ పైన గాదు, అందర్ కూడా అయ్యింది."

యాదగిరి గారు నంబరు మార్చి కలిపారు. ఫోన్ అందుకున్నది కొత్తపేటవాళ్లు కాదు, పద్మ గారు. వెంటనే కిందికి వచ్చారు. ఆమె చెప్పిన సంగతి ఇది. పూజ రోజు మౌస్‌లన్నిటికీ తలా ఒక బొట్టు పెట్టుకుంటూ వచ్చారట. సునీత టేబుల్ దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగా, నున్నగా, గూట్లో కూర్చున్న ఆ బంతిని చూసి ఆగిపోయారట. "సూస్తే శివుని లెక్కనే కొట్టింది అన్నా. ఒక్క బొట్టుతోని మనసొప్పలే. మొత్తం గంధం రాసి, కుంకుమ పెట్టిన."

"మరి పైన ఆనవాలే లేదేం?" అన్నాను.

"పొద్దుగాల నేనే తుడిసిన. సునీత చర్చికి పోయే పిల్లాయె. చేతికి కుంకుమ అంటితే ఏమనుకుంటదో అని తడిబట్టతోని తిప్పితిప్పి మంచిగ తుడిసిన."

తిప్పితిప్పి తుడవడంలోనే ఉంది కిటుకంతా. బంతి తిరిగినకొద్దీ పైనున్న తడిగంధమంతా గూట్లోకి దిగింది. ఆమె ఎంత శ్రద్ధగా తుడిస్తే లోపల అంత పేరుకుంది.

సునీత ఆమె వంక చూసి, బల్ల అంచు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో అక్కా, నాకోసం తుడిసినవా! నేను పొద్దుగాల్నుంచి నా చెయ్యి పోయిందని మనసుల ఏడుస్తున్న. నాకు కుంకుమ అంటితే కడుక్కుంట గదా!" పద్మ గారు సిగ్గుపడి, ఆమె కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, దెబ్బ ఎక్కడైనా తగిలిందేమో అన్నట్టు.

శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్పాలి. కంప్యూటర్ నుంచి ట్రాక్‌బాల్ వైరు ముందుగా తీసేయాలి. గూట్లో నీళ్లు పోయకూడదు. స్పిరిట్‌లో తడిపిన దూది పుల్లతో మూడు గుండ్లనూ తుడవాలి. కటకాన్ని నొక్కకుండా, కొత్త పుల్లతో వేరేగా తుడవాలి. బంతిని సబ్బునీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. పూజలు చేయని దేశాల్లో కూడా చేతి చెమటా దుమ్మూ చేరి ఇదే తంతు జరుగుతుందని తర్వాత చదివాను. కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే తేడా.

బంతి గూట్లో పెట్టాక సునీత మళ్లీ కూర్చుంది. వేళ్లు ఆనించడానికి కొంచెం జంకింది. ఒక గీత గీసింది. చుక్క నుంచి చుక్కకు, వెంట్రుకవాసి తేడా లేకుండా అందింది. ఇంకోటి గీసింది. భోజనాల వేళకి తెర మీద వలయాలు గొలుసు కట్టి నిలబడ్డాయి. యాదగిరి గారు ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నారు. "కొత్తపేటోళ్లు పొద్దుగాలనే ఫోన్ చేసి అడిగిండ్రు. ఇప్పుడు ఆళ్లకేం జెప్పాలె?" అన్నారు.

"దసరా ముబారక్ జెప్పుండ్రి" అన్నాడు ఇలియాస్.

ఆర్గానిక్ పుస్తకం సునీతే పూర్తి చేసింది. మొదటి ప్రూఫులో లెక్చరర్ గారి ఎర్ర సున్నాలు రెండు మూడు వచ్చాయి, అవి కూడా ఆయన నోట్సులో తప్పులే. వేలి నొప్పి పూర్తిగా వదలడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా ఇంకో తమాషా జరిగింది. బాగుపడిన చేతిని చూసి సెక్షన్‌లో మిగతా ఆపరేటర్లంతా తమకూ బత్తాయి బంతే కావాలని పట్టుబట్టారు. ఒకరికి మెడనొప్పి, ఒకరికి వేళ్ల తిమ్మిరి, ఇంకొకరికి ఏ నొప్పీ లేదు, ఊరికే ముచ్చట. నేను మళ్లీ తెల్లకాగితాలూ పెన్సిలూ తీయాల్సి వచ్చింది. ముచ్చట పడినాయనకు మామూలు మౌసే చాలని చెప్పడానికి మాత్రం చాలా కష్టపడ్డాను.

నేను నేర్చుకున్నది ఇది. ముందు నొప్పి ఏ చోటో, ఏ కదలికతో వస్తుందో వైద్యం తెలిసినవాళ్ల చేత తేల్చుకోవాలి. తర్వాత రోజంతా మన పని ఏ కదలికను అడుగుతోందో చూసుకోవాలి. తర్వాత చెయ్యి కొలుచుకోవాలి. షాపుకి వెళ్లడం వీటన్నిటి తర్వాత. వీలైతే అడిగి తెచ్చుకుని నాలుగు రోజులు వాడి చూడాలి. ఇంకొకరి చేతికి నచ్చిందన్నది మనకు సాక్ష్యం కాదు. కొన్నాక కూడా పరికరం ఎక్కడ పెట్టాం, ఎంత వేగం పెట్టాం, ఎంత శుభ్రంగా ఉంచాం అన్నవి చూసుకోవాలి. పని చెడినప్పుడు ముందు పరికరం చూడాలి, చెయ్యి తర్వాత. నొప్పిపడిన మనిషి ఎప్పుడూ తన చేతినే ముందు అనుమానిస్తుంది. పక్కనున్నవాళ్లు కూడా ఆ అనుమానాన్నే నమ్మేస్తే ఒక మంచి పనివాడి టేబులు ఊరికే ఖాళీ అవుతుంది.

అడిగిన పుస్తకం లేదనకుండా, ఉన్నదాన్ని రెండుసార్లు గడువు పెంచి ఇచ్చిన విజయలక్ష్మి గారికి కృతజ్ఞతలు. ఫోన్‌లో నా ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన మాధవి గారికి కృతజ్ఞతలు. సరిపోని వస్తువులకు కూడా మొహం ముడవకుండా ఖర్చు పెట్టిన యాదగిరి గారికి, తన సంగతి ఉన్నది ఉన్నట్టు రాసుకోమని చెప్పిన పద్మ గారికి, అడిగీ అడగనట్టే వస్తువులు సంపాదించి తెచ్చి, వాటిలో ఒకటి తానే ఉంచేసుకున్న ఇలియాస్‌కి కృతజ్ఞతలు. ఈ పేజీలు కంపోజ్ చేసింది సునీత. ఇప్పుడు ఆ సెక్షన్‌కి ఇన్‌చార్జి ఆమే. రెండు చోట్ల నా వాక్యం బాగాలేదని మార్చింది. మార్చినవే బాగున్నాయి, అలాగే ఉంచాను.